ఒకటిన్నర వాట్లు

మూడో అంతస్తు దాకా మోసుకెళ్ళాను
ముప్పై ఎనిమిది కిలోల యాంప్లిఫయర్‌ని.
తుర్కులో మార్చి నెల.
ఎవరెవరి బూట్ల మంచో కరిగి
మెట్టుమెట్టుకీ ఒక చిన్న మడుగు.
లిఫ్టు ఉంది. అందులో
నేనైనా పట్టాలి, ఇదైనా పట్టాలి.

మా ఓనరు రైమో మాట ఒక్కటే:
వియ్యానికైనా కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలి,
అంత ఖరీదైన స్పీకర్లకు
మూడు వందల వాట్లకు తగ్గితే పరువు తక్కువ.
పరువు ఎవరిదో చెప్పలేదు.
నా కమిషనెంతో మాత్రం చెప్పాడు.

తలుపు తీసింది ఐలి.
కిటికీకి అటొకటి ఇటొకటి, నా భుజమెత్తు స్పీకర్లు,
వాటి కడుపులోనే వాటి బాస్‌కు సొంత యాంపు,
గోడకి వేరే ప్లగ్గు.
బల్ల మీద, పద్దెనిమిదేళ్ళప్పుడు
తన చేత్తో తనే టంకం పెట్టుకున్న
ఎనిమిది వాట్ల వాల్వుల పెట్టె.
ఊడిపోయిన మీట బదులు
కోటు బొత్తాం.

"ఇది ఆ బరువు మోయలేదు" అన్నాడు తైస్తో, ఆమె భర్త,
ముప్పై నాలుగేళ్ళు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసి
సగం వినికిడి అక్కడే వదిలి వచ్చినవాడు.
"మోయమని ఎవరడిగారు?" అంది ఐలి.
"మోసేవాళ్ళు లోపలే ఉన్నారుగా."

నావైపు చూశారు ఇద్దరూ.
కమిషను ఒకసారి కళ్ళముందు కదిలింది.

ఆమె అన్నదే నిజం.
వంద హెర్ట్‌జ్ కిందున్న చాకిరీ అంతా
ఆ పెట్టె తనే చేసుకుంటుంది.
మిగిలినదానికి,
ఒక గొంతుకి, ఫిడేలు తీగకి, పియానోలో కుడిచేతి వైపుకి
కావలసింది పిడికెడు.
నోటితో చెప్పలేక మీటరు తీసి తగిలించాను.

చర్చి ఆర్గన్ రికార్డు పెట్టింది ఐలి.
గాజు అలమరలో కప్పులు గలగలలాడాయి.
మీటరు ముల్లు
ఒకటిన్నర వాట్ల దగ్గర తొంగిచూసి
సిగ్గుపడ్డట్టు వెనక్కి పోయింది.
నేను తెచ్చిన మూడు వందలు
చెప్పులు విప్పాలో వద్దో తెలియని చుట్టంలా
గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

అయినా ఏదో కుదరలేదు.
పైగొంతు మాట పూర్తి చేయకముందే
కిందిగొంతు 'ఊఁ, ఊఁ' అంటూ అడ్డం పడుతోంది.
ఇక్కడ తక్కువైంది బలం కాదు, పాళ్ళు.
స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చుని
బాస్ మీట పట్టుకున్నాను,
పులుసులో ఉప్పు చూస్తున్నంత భయంగా.

"చాలు" అంది ఐలి.
"చాలదు" అన్నాడు తైస్తో.
"నీకు వినపడితే కదా!"
అతను మాట్లాడలేదు. కుర్చీలో వంగి
మేజోళ్ళు విప్పాడు. గది మధ్యకొచ్చి
చెక్కనేల మీద వట్టికాళ్ళతో నిలబడి కళ్ళు మూశాడు.
"ఇంజనుకు ఒంట్లో బాగోకపోతే
నాకు ముందు అరికాలికే తెలిసేది."

కొంచెం తగ్గించు, అంది చెవి.
కొంచెం పెంచు, అంది పాదం.
అలా వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతూ
గడియారం ముల్లయితే తొమ్మిదికీ పదికీ మధ్య
మీట ఆగిన చోట
ఇద్దరూ ఒకేసారి ఏమీ అనలేదు.

ఆర్గన్ నిండుగా సాగుతోంది.
ఉన్నట్టుండి తైస్తో కళ్ళు తెరిచాడు:
"ఇది రికార్డులోది కాదు."
కింది అంతస్తు హెల్లెవి,
చీపురుకర్రతో కప్పు పొడుస్తోంది.
ఐలి అంతగా నవ్వడం
అతనికి ఎంతవరకు వినిపించిందో తెలియదు,
నేలలోంచి మాత్రం అందే ఉంటుంది.

దిగేటప్పుడు కూడా ముప్పై ఎనిమిది కిలోలే.
రైమోకి ఏం చెప్పాలా అనుకుంటూ
రెండో అంతస్తులో పెట్టె దింపి
ఆయాసం తీర్చుకోను కమ్మీ పట్టుకున్నాను.

ఇనుము సన్నగా వణుకుతోంది.
చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.